వృద్ధుల సంరక్షకులకు తోడ్పాటు: పంజాగుట్ట, హైదరాబాదు

ఇంటిపట్టున వృద్ధులను కనిపెట్టుకొని ఉండే భార్యకో భర్తకో, కోడలికో కూతురికో, జీతానికి కుదిరిన ఆయాకో శిక్షణ, సలహా, ధనసహాయం, విరామం అందించే ఏర్పాట్లను సంరక్షకుల తోడ్పాటు అంటారు. విరామమంటే కొన్ని గంటలపాటో, కొన్ని రోజులపాటో మరొకరు ఆ బాధ్యత వహించి, సంరక్షకులకు ఊపిరి సలపని చాకిరీ నుంచి తెరపి కల్పించడం.

ఆసఫ్‌జాహీ నిజాంల కాలం నుంచి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నాలుగు దశాబ్దాల వరకు హైదరాబాదు నగరంలో వృద్ధుల సేవ ఉమ్మడి కుటుంబంలోనే సాగగా, అటువంటి ఆసరా లేని కొందరికి 20వ శతాబ్ది ఆరంభంలో సికింద్రాబాదుకు వచ్చిన లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘం నీడనిచ్చింది. ఈలోగా విదేశాల్లో సంరక్షకులపైనా దృష్టి పడింది. బ్రిటన్‌లో తల్లిదండ్రులకు సేవచేసే అవివాహిత స్త్రీల కోసం 1965లో జాతీయ మండలి ఏర్పడింది. సంరక్షకుల భారాన్ని ప్రశ్నావళితో కొలిచే జారిట్ పద్ధతి 1980లో అమెరికాలో వెలువడింది. భారతదేశంలో డాక్టర్ జాకబ్ రాయ్ 1992లో కేరళలో స్థాపించిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ (ఏఆర్‌డీఎస్‌ఐ) ఈ రంగానికి నాంది పలికింది. దానికి హైదరాబాదులోనూ శాఖ ఏర్పడింది.

ఆ నగరంలోని పంజాగుట్టకు ఈ చరిత్రలో చోటు దక్కింది నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ (నిమ్స్) వల్ల. నిజాం ధర్మనిధి సాయంతో ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989 నాటి శాసనంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన ఈ సంస్థ నాడీవైద్య విభాగంలో, డాక్టర్ సువర్ణ అల్లాడి ఆధ్వర్యంలో మెమరీ క్లినిక్ నడిచింది. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తితోపాటు ఆలోచన, మాట, దైనందిన వ్యవహారం క్రమంగా సన్నగిల్లే స్థితి, ఇక్కడ తెలుగులోకి మలచిన అడెన్‌బ్రూక్స్ అనే మేధాశక్తి పరీక్ష సాయంతో నిర్ధారణ అయ్యేది. రోగి మరచినదాన్ని రోగి చెప్పలేడు కాబట్టి, ఈ నిర్ధారణకు ఇంట్లోవారి వాఙ్మూలం తప్పనిసరి. సంరక్షకులు వైద్యుల కాగితాల్లోకి మొదట ప్రవేశించింది ఈ విధంగా సమాచారదాతలుగానే. క్లినిక్‌కు వచ్చిన 347 మంది డిమెన్షియా రోగులపై 2011లో వెలువడిన అధ్యయనం, అల్జీమర్స్ రకం డిమెన్షియా తరువాత అధికంగా కనిపించినది మెదడు రక్తనాళాల దెబ్బతో వచ్చే రకమని, అది దాదాపు నాలుగో వంతని తేల్చింది. 2013 నవంబరులో *న్యూరాలజీ* పత్రికలో అచ్చయిన ప్రసిద్ధ అధ్యయనం 648 మంది రోగుల వివరాలను పరిశీలించి, వారిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడే 391 మందికి వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురాని వారిలోనూ ఈ తేడా ఉందని వెల్లడించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరంలోనే సాధ్యమైన ఈ విలువైన పరిశోధనకు రోగుల భాషల వివరాలు అందించింది కూడా దగ్గరి కుటుంబసభ్యులే.

నిర్ధారణ తరువాత ఇంట్లో ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు గోవా నుంచి వచ్చింది. అక్కడ 81 కుటుంబాలతో జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, వైద్యేతర కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి సలహాలిస్తే సంరక్షకుల మానసిక వేదన తగ్గింది. ఈ అవసరం ఎంత పెద్దదో చూపుతూ, దేశంలో 37 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఏఆర్‌డీఎస్‌ఐ 2010లో అంచనా వేసింది. కేరళ ప్రభుత్వం అదే ఏడాది ఆశ్వాసకిరణం పేరిట, మంచం పట్టినవారికి సేవచేసే వారికే నెలనెలా భృతి ఇవ్వసాగింది.

హైదరాబాదులో 2017లో టాటా ట్రస్టులు, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ వృద్ధుల కోసం ప్రారంభించిన ఫోన్ సహాయకేంద్రం, 2021 నాటికి 14567 నంబరుతో ఎల్డర్‌లైన్‌గా దేశమంతా విస్తరించింది. సలహా కోసం వృద్ధులే కాక వారి ఇంటివారూ దీనికి ఫోన్ చేయవచ్చు.

శాసనం మాత్రం సేవను వదిలి పోషణ ఖర్చునే పట్టుకొంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ట్రిబ్యునల్ ఇప్పించే భృతికి నెలకు 10,000 రూపాయల పరిమితి ఉంది. సేవచేసే వ్యక్తికి అందులో హక్కులేవీ లేవు. 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చిన సవరణ బిల్లు ఆ పరిమితిని ఎత్తివేయాలని, ఇళ్లకు ఆయాలను పంపే సంస్థలు నమోదు కావాలని ప్రతిపాదించింది. ఇంటి సేవలో అధికభాగం మోసే కోడలిని అది తొలిసారి ప్రస్తావించినా, బాధ్యత మోయవలసిన వారి జాబితాలోనే చేర్చింది. 17వ లోక్‌సభ 2024లో రద్దు కావడంతో ఆ బిల్లు మురిగిపోయింది.