అద్దముపై మెఱపు

మన యిండ్లలో పెద్దల ఛాయాచిత్రములు అద్దపు చట్రములలో గోడలకు వ్రేలాడుచుండును. ఏండ్లు గడచినకొలది తేమవలన చిత్రము అద్దమున కంటుకొనిపోవును. ఊడదీయబోయిన ముఖమే లేచి వచ్చును. అట్టి పటమునకు ప్రతి కావలెనన్న అద్దము గుండనే ఫొటో తీయవలెను. తీయబోవునప్పుడు వాకిటి వెలుతురు తాతగారి కన్నులను కప్పివేయుట నేను పలుమారు చూచియున్నాను. ఈ మెఱపును తొలగించు ఉపాయ మెట్లు లభించినదో నేడు మీకు విన్నవించెదను.

అద్దమునకు ఎదురుగా పడిన కాంతిలో ఒక్కొక్క ముఖమునుండి నూటికి సుమారు 4 వంతులు వెనుకకు మరలును. రెండు ముఖములకు కలిపి సుమారు 8 వంతులు. ఇది స్వల్పమే. కాని వాకిటి యెండ చిత్రములోని నల్లకోటుకంటె అనేక రెట్లు ప్రకాశించునది గావున, ఆ స్వల్పమే చిత్రమును మ్రింగివేయును.

1669లో డెన్మార్కు పండితుడు ఎరాస్మస్ బార్తోలిన్, ఐస్‌లాండునుండి వచ్చిన యొక స్ఫటికము గుండ చూచిన ప్రతి వస్తువును రెండుగా కనబడునని ప్రకటించెను. 1808లో నొక సాయంకాలము పారిస్ నగరమున ఎతియెన్ లూయీ మాల్యూ అను సైనిక యింజనీరు, లక్సెంబర్గు రాజభవనపు కిటికీ అద్దములలో ప్రతిఫలించు అస్తమయ సూర్యుని ఆ స్ఫటికము గుండ చూచెను. స్ఫటికమును త్రిప్పగా రెండు బింబములలో నొకటి మసకబారెను. అంతట క్రొవ్వొత్తి వెలుతురును నీటిపైనను గాజుపైనను పడజేసి పరీక్షించి, ఇది సూర్యుని గుణము కాదనియు, ప్రతిఫలనపు గుణమనియు నిశ్చయించెను. నెపోలియను సేనతో ఈజిప్టునకు పోయి, ప్లేగు సోకియు బ్రదికి వచ్చిన యీతడు 1812లో 36 ఏండ్లకే మరణించెను.

కాంతి సామాన్యముగా అన్ని ప్రక్కలకును కంపించును. ఏటవాలుగా అద్దమును తాకి మరలినది ముఖ్యముగా ఒకే దిక్కున కంపించును. కిటికీ నిలువు ఊచల నడుమ త్రాటిని పైకి క్రిందికి ఆడింపవచ్చును, ప్రక్కలకు ఆడింపలేము గదా! ఆ స్ఫటికము చేసినదియు నట్టి పనియే. 1815లో డేవిడ్ బ్రూస్టరు ఈ గుణము పరిపూర్ణమగు కోణమును నిర్ణయించు నియమమును వెల్లడించెను. గాజునకు అది, అద్దమునుండి నిట్టనిలువుగా గీచిన గీతకు సుమారు 56 డిగ్రీలు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లాండు ఇట్టి కాంతిని వడగట్టు పలుచని పలకకు పేటెంటు కోరెను. అటుపిమ్మట ఈ సాధనము సామాన్య ఛాయాగ్రాహకులకును అందినది.

ఆ పలకను కటకము ముందుంచి, ప్రక్కగా నిలిచి, మెఱపు తగ్గువరకు త్రిప్పవలెను. చిత్రము కొంచెము వాలుగా వచ్చినను ముఖము దక్కును. సరిగా ఎదుట నిలిచిన నిది పనిచేయదు. ఇత్తడి, వెండి వంటి లోహముల తళుకును తొలగింపజాలదు. ఎదుటినుండి తీయవలసిన, నల్లగుడ్డకు రంధ్రము చేసి, కటకమునో, నేటి చేతిఫోనునో అందుండి చూపుడు. అద్దములో ప్రతిఫలించుటకు ఆ నలుపే మిగులును. వెలుతురు ప్రక్కనుండి రావలెను.

మాల్యూ చూచిన మెఱపు అందఱి కిటికీలలోను ఉన్నదే. అతడు దానిని త్రిప్పి చూచెను. ఆ చూపు ఫలమును మనమును వినియోగించుకొందము. పటములోని వారి పేళ్లు చెప్పగలవారు ఇంట నుండగనే, తేమ ముఖములను తినివేయకముందే, ప్రతులు తీయించి, వెనుక పేళ్లు వ్రాయించుడు.