నడకలోనే శిక్షణ: పెంపుడు కుక్కకూ, యజమానికీ కలిపి ఒకే వ్యాయామం

నిత్యం గొలుసుకు కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం భారతదేశంలో చట్టరీత్యా నేరం. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ఈ విషయాన్ని స్పష్టంగా పేర్కొంటోంది. జంతువును కొట్టడం, పస్తులుంచడం, మరీ పొట్టి గొలుసుతో కట్టేయడం వంటి చర్యల సరసనే ఈ నిర్లక్ష్యాన్నీ క్రూరత్వంగా పరిగణిస్తోంది. తొలిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే.

చాలా ఇళ్లలో కుక్క గొలుసుకే పరిమితం కావడానికి కారణం యజమాని కాఠిన్యం కాదు. బయటకు తీసుకెళితే అది అదుపులో ఉండదన్న భయమే కారణం. శిక్షణ వేరు, వ్యాయామం వేరు అనుకోకుండా రెండింటినీ రోజువారీ నడకలో కలిపితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. దానితోపాటు యజమాని ఆరోగ్యానికీ మేలు జరుగుతుంది.

ఒకదానికొకటి కారణమయ్యే సమస్యలు

శిక్షణ లేని కుక్క లీష్‌ను బలంగా లాగుతుంది, ఎదురొచ్చిన వారిపై ఎగబడుతుంది. యజమానికి చేతులు నొప్పి పుడతాయి, ఇరుగుపొరుగు ముందు తలవంపులు తప్పవు. క్రమంగా నడక తగ్గుతుంది. ఖర్చు కాని శక్తి కుక్కలో పేరుకుపోయి, అరవడం, చెప్పులు కొరకడం, తలుపులు గీకడం మొదలవుతుంది. ఎప్పుడో ఒకసారి బయటకు వచ్చిన రోజున అది మునుపటికంటే బలంగా లాగుతుంది. అటువంటి కుక్కల్లో కొన్ని చివరకు వీధి పాలవుతాయి. కారణం లేకుండా పెంపుడు జంతువును వదిలేయడం కూడా అదే 11వ సెక్షన్ కింద నేరమే.

మరోవైపు మనుషుల పరిస్థితీ ఆశాజనకంగా లేదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం 2022 నాటికి భారతీయ వయోజనుల్లో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. మహిళల్లో ఇది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బ్రిటన్‌లో ఒక ప్రాంతంలోని కుటుంబాలపై జరిపి, 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఈ స్థాయిని అందుకునే అవకాశం కుక్కలు పెంచేవారిలో ఇతరులకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. అయితే ఈ మేలు కుక్కను స్వయంగా నడిపించేవారికే దక్కుతుంది. నడకను జీతగాళ్లకు అప్పగిస్తే వ్యాయామం వారికే చెందుతుంది, కుక్క మాట వినేదీ వారిదే అవుతుంది.

పోటీల నుంచి వీధి నడకకు

విధేయతను ఒక క్రీడగా మలచిన ఘనత అమెరికాకు చెందిన హెలెన్ వైట్‌హౌస్ వాకర్‌ది. పూడుల్ జాతి కుక్కలు అందానికే పరిమితం కాదని నిరూపించేందుకు ఆమె 1933లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలి విధేయత పోటీ నిర్వహించారు. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఇటువంటి పోటీలకు నియమావళి రూపొందించింది. 1978లో లండన్‌లోని క్రఫ్ట్స్ శునక ప్రదర్శనలో, విరామ సమయంలో ప్రేక్షకులను అలరించేందుకు గుర్రాల దూకుడు పోటీల తరహాలో కుక్కలను అడ్డంకులపై నుంచి దూకించారు. అదే నేటి 'ఎజిలిటీ' క్రీడకు నాంది. ఇందులో కుక్కతోపాటు యజమానీ పరుగెత్తక తప్పదు.

తర్వాత వచ్చిన 'ర్యాలీ ఒబీడియన్స్'లో దారి పొడవునా సూచన పలకలు ఉంటాయి. ఒకచోట కూర్చోబెట్టాలి, మరోచోట చుట్టూ తిప్పాలి, ఇంకోచోట వేగం పెంచాలి. నడుస్తూ కుక్కతో మాట్లాడవచ్చు, ప్రోత్సహించవచ్చు. 'కానిక్రాస్'లో యజమాని నడుముకు కట్టుకున్న బెల్టుకు, కుక్క ఒంటిపై ఉన్న హార్నెస్‌కు మధ్య సాగే తాడు ఉంటుంది. ఇద్దరూ కలిసి పరుగెత్తుతారు, మలుపుల వద్ద కుక్క మాటను బట్టి దిశ మార్చుకుంటుంది. హైదరాబాద్‌లోని కొండాపూర్‌లో 2018లో నగరపాలక సంస్థ సుమారు 1.3 ఎకరాల్లో ప్రత్యేక శునక పార్కును ఏర్పాటు చేసి, కుక్కల శిక్షణకూ, వ్యాయామానికీ ఉపకరించే సామగ్రిని అందులో అమర్చింది. అటువంటి వసతి అందుబాటులో లేనివారికి ర్యాలీ పద్ధతి సులువుగా ఉపకరిస్తుంది. వీధిలోని కరెంటు స్తంభాలు, చెట్లు, గేట్లే సూచన పలకలు అవుతాయి.

కుక్క ఎలా నేర్చుకుంటుంది

ఏ పని వెంటనే మేలైన ఫలితం వస్తుందో ఆ పనిని కుక్క మళ్లీ చేస్తుంది. ఇక్కడ 'వెంటనే' అన్నది ముఖ్యం. కూర్చున్న ఒకటి రెండు సెకన్లలోపే మెచ్చుకోలు లేదా తినుబండారం అందాలి. ఆలస్యమైతే, ఆ తర్వాత చేసిన మరో పనికి బహుమతి వచ్చిందని కుక్క అనుకుంటుంది. లీష్ లాగినప్పుడు యజమాని అడుగు ఆగాలి. తాడు వదులైన మరుక్షణం నడక సాగాలి. ముందుకు కదలడమే ఇక్కడ బహుమతి. మొదటి వారంలో వంద అడుగుల దూరానికే చాలా సమయం పట్టవచ్చు. ఇంటిల్లిపాదీ ఇదే నియమాన్ని పాటిస్తే లాగడం తగ్గుతుంది.

కొట్టడం, ఊపిరాడకుండా బిగుసుకునే గొలుసు, విద్యుత్ షాక్ ఇచ్చే మెడపట్టీ వంటివి భయాన్ని పెంచుతాయి. భయపడిన కుక్క కరిచే ముప్పు ఎక్కువ. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో వెలువరించిన ప్రకటనలో, అన్ని రకాల శిక్షణకూ బహుమతి ఆధారిత పద్ధతులనే సిఫారసు చేసింది.

ఒక పనికి ఒకే మాట

తెలుగు ఇళ్లలో మనవడు 'సిట్' అంటాడు, నాయనమ్మ 'కూర్చో' అంటుంది, మరొకరు 'కూర్చోరా', 'కూచోమ్మా' అంటారు. మనుషులకు ఇవన్నీ ఒకటే. కుక్కకు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు శబ్దాలు. ఏ భాషలో చెప్పినా కుక్క నేర్చుకోగలదు. కాకపోతే ఒక పనికి ఒకే మాట, ఒకే రూపంలో, అందరి నోటా రావాలి. 'రా' అనే పిలుపుతో మరో ఇబ్బంది ఉంది. అది 'ఏంట్రా', 'పోరా' వంటి మాటల చివర రోజంతా వినిపిస్తూనే ఉంటుంది. అందువల్ల పిలుపునకు 'ఇటురా' వంటి విడి మాటను ఎంచుకోవడం మేలు. ప్రతి మాటకూ ఒక చేతి సంజ్ఞను జోడిస్తే వాహనాల హోరులోనూ పని జరుగుతుంది.

నడకకు అవసరమైనవి ఐదు మాటలు: పక్కన నడవడానికి, కూర్చోవడానికి, ఆగడానికి, నోట్లోని వస్తువును వదలడానికి, తిరిగి రావడానికి.

42 నిమిషాల ప్రణాళిక

మొదటి 10 నిమిషాలు కుక్కకు వదిలేయాలి. వాసన చూడటం, మలమూత్ర విసర్జన ఈ వ్యవధిలో పూర్తవుతాయి. వాసన చూడటం కుక్క మెదడుకు పని, అది వృథా కాదు. తర్వాతి 10 నిమిషాలు చురుకైన నడక. కుక్క పక్కనే ఉండాలి, యజమాని మధ్యమధ్య వేగం మార్చాలి, హఠాత్తుగా వెనుదిరగాలి. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉంటే అది మధ్యస్థాయి శ్రమ కిందికి వస్తుంది.

ఆపై 5 నిమిషాలు కుక్కను కూర్చోబెట్టి 'ఆగు' అభ్యాసం. అది కదలకుండా ఉన్నంతసేపూ యజమాని గుంజిళ్ల తరహాలో కూర్చుని లేవడమో, మెట్టు ఎక్కి దిగడమో చేయవచ్చు. యజమాని కదులుతున్నా కుక్క నిలకడగా ఉండటం మంచి పరీక్ష కూడా. మరో 12 నిమిషాలు చురుకైన నడక, చివరి 5 నిమిషాలు నెమ్మది నడక. చురుకైన నడకే రోజుకు 22 నిమిషాలు కనుక వారానికి 154 నిమిషాలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస స్థాయి దాంతో పూర్తవుతుంది. గుండె జబ్బు, కీళ్ల నొప్పులు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి.

ఎండ, వయసు, జాతి

కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. ప్రధానంగా రొప్పడం ద్వారానే అది శరీరాన్ని చల్లబరుచుకుంటుంది. అందువల్ల వేసవిలో నడక సూర్యోదయానికి ముందు, లేదా రోడ్డు చల్లబడిన తర్వాతే సాగాలి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుపై 7 సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఆ వేడిని భరించలేవు. విపరీతంగా రొప్పడం, చిక్కని చొంగ, తూలడం, వాంతులు వడదెబ్బ లక్షణాలు. అప్పుడు వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీళ్లతో తడుపుతూ, గాలి తగిలేలా చూస్తూ పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఈ ముప్పు ఎక్కువ, వాటితో పరుగు తగదు.

ఎముకలు పూర్తిగా ఎదగని కుక్కపిల్లలకు కూడా దూరపు పరుగు, ఎత్తు దూకుడు మంచివి కావు. పెద్ద జాతుల్లో ఈ ఎదుగుదల ఏడాదిన్నర దాకా సాగవచ్చు. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి దేశీయ వేట జాతులు కదిలే వస్తువు కనబడితే వెంటపడతాయి. పిలుపు శిక్షణ గట్టిపడే వరకు వాటిని లీష్ లేకుండా బహిరంగ ప్రదేశాల్లో వదలరాదు.

వీధి కుక్కలు, ఇరుగుపొరుగు

భారతీయ నగరాల్లో నడక శిక్షణకు అసలైన పరీక్ష వీధి కుక్కలు ఎదురైనప్పుడే. పరుగెత్తితే అవి వెంటపడతాయి. దూరం నుంచే గమనించి, 'ఇటు చూడు' వంటి మాటతో కుక్క దృష్టిని మళ్లించి, మలుపు తిరిగి ప్రశాంతంగా వెళ్లిపోవడం ఉత్తమం. ఆ మాటను ముందుగా ఇంట్లో, తర్వాత ఖాళీ వీధిలో నేర్పాలి. గుంపు ఎదురయ్యాక నేర్పడం మొదలుపెడితే ఫలితం ఉండదు. రేబిస్ టీకా గడువు దాటని కుక్కనే బయటకు తీసుకెళ్లాలి. ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

కుక్కలంటే భయపడేవారికీ రోడ్డుపై నిశ్చింతగా నడిచే హక్కు ఉంది. తన ఆధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లిఫ్టులో, ఇరుకు దారిలో కుక్కను గోడ వైపు ఉంచి కూర్చోబెట్టడం, దాని మలాన్ని యజమానే తీసి చెత్తబుట్టలో వేయడం కూడా శిక్షణలో భాగమే.

కుక్కను ఆరుబయటకు తీసుకెళ్లాలని ఒక చట్టం, దానిని అదుపులో ఉంచాలని మరో చట్టం యజమానికి చెబుతున్నాయి. మాట వింటూ పక్కన నడవడం నేర్చిన కుక్క విషయంలో ఈ రెండు బాధ్యతలూ ఒకే నడకలో నెరవేరతాయి.