చిట్టాకెక్కని రోగం

వాణిజ్యశాస్త్రం చదువుకున్నవారికి ఒక పాఠం గుర్తుండే ఉంటుంది. ఒక లావాదేవీని చిట్టాలో అసలే రాయకుండా వదిలేస్తే అంకణా, అదే ట్రయల్ బ్యాలెన్సు, నిక్షేపంగా సరిపోతుంది. అటు ఖర్చూ పడదు, ఇటు జమా పడదు. తప్పు జరిగిందని లెక్క మనకు చెప్పదు. బ్యాంకులో ఏళ్ల తరబడి పద్దులు చూసిన నాకు, అంటురోగాల చరిత్ర చదివినప్పుడల్లా ఈ పాఠమే గుర్తుకొస్తుంది. రాసిన అంకెలు సరిగ్గానే కూడతాయి. రాయని రోగం మాత్రం పక్క వీధికి పాకుతూనే ఉంటుంది.

జనం రోగాన్ని ఎందుకు దాస్తారు? అజ్ఞానం వల్ల అనేస్తే సరిపోదు. మన దేశంలోనే జరిగిన రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు దగ్గరి మాండ్వి పేటలో డాక్టర్ అకాసియో వియేగస్ ప్లేగును గుర్తించారు. అక్టోబరులో నగరపాలకులు ఉత్తర్వు తెచ్చారు: రోగిని బలవంతంగానైనా ఆసుపత్రికి తరలించవచ్చు. ఆ నెల 29న మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో కోవిడ్ సమయాన మళ్లీ బయటికి తీసింది ఈ చట్టాన్నే. పుణేలో సిపాయిలు ఇల్లిల్లూ సోదా చేశారు. ఆ కసితోనే చాపేకర్ సోదరులు జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్‌ను కాల్చారు.

రోగం ఉందని చెప్పినవాడికి దక్కిందేమిటి? ఇంటి మనిషిని తీసుకుపోయేవారు. మిగిలినవారిని శిబిరానికి తోలేవారు. సామాను తగలబెట్టేవారు. కూలి పోయేది. అందుకే జనం రోగులను దాచారు, లక్షల సంఖ్యలో ఊరు విడిచిపోయారు. వారితోపాటే ప్లేగూ ప్రయాణం చేసింది. 1898లో బెంగుళూరును పట్టుకుంది. అక్కడ ప్లేగమ్మకు గుళ్లు వెలిశాయి. ఇరుకు పేటల నుంచి జనాన్ని తరలించడానికి బసవనగుడి, మల్లేశ్వరం విస్తరణలు రూపుదిద్దుకున్నాయి.

బొంబాయిలో కూలి పనులకు వెళ్లి స్థిరపడిన మన కామాఠీల పేరు మీదే కామాఠీపుర ఏర్పడిందని చాలామందికి తెలుసు. ఒకే గదిలో కాపురముండే అటువంటి కుటుంబం తలుపు దగ్గరికి పరభాష మాట్లాడే అధికారి వచ్చి నిలబడితే, ఇంట్లో జ్వరం ఉన్న సంగతి చెబుతుందా? 1898 మార్చిలో బొంబాయిలో మళ్లీ అల్లర్లు జరిగాక సర్కారు కొంత దిగివచ్చింది. బలవంతం తగ్గించి, కులాలూ మతాలవారీగా జనం పెట్టుకున్న ఆసుపత్రులకు చోటిచ్చింది.

ఇక రెండో ఘట్టం మశూచి. 1973 నాటికి కాగితం మీద లెక్క ఒకటి, ఊళ్లలో ఉన్నది ఒకటి. ఇక్కడ దాచింది జనమే కాదు. తన పరిధిలో మశూచి ఉందని రాస్తే టీకాలు సరిగ్గా వేయలేదని మాట పడాల్సి వస్తుందని కింది ఉద్యోగులూ దాచారు. ఆ ఏడాది శరదృతువులో ఉత్తరప్రదేశ్, బీహార్ వంటి రాష్ట్రాల్లో ఇంటింటి వెతుకులాట మొదలయ్యేసరికి అంతకుముందు ఏ రిజిస్టరులోనూ లేని వేల కేసులు బయటపడ్డాయి. పని చేసేవారి చేతిలో మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు ఉండేది. దాన్ని చూపి, "ఇలాంటివారిని ఎక్కడైనా చూశారా?" అని బడుల్లో, సంతల్లో అడిగేవారు. చూపించినవారికి బహుమానం ఇచ్చేవారు. అది 50 రూపాయలతో మొదలై 1975కల్లా 1,000 రూపాయలకు చేరింది. రోగిని ఈడ్చుకుపోకుండా ఇంట్లోనే ఉంచి, గుమ్మం దగ్గర కాపలా పెట్టి, చుట్టుపక్కలవారికి టీకాలు వేశారు.

1974లో దేశంలో నమోదైన కేసులు 1,88,000 దాటాయి. ఆ ఏడు రోగం ఉధృతంగా ఉన్నమాట నిజం. దాగినవి లెక్కలోకి రావడమూ అంతే నిజం. మరుసటి ఏడు మే నెలతో మశూచి మన దేశంలో ఆగిపోయింది. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ నిపుణులు దాన్ని ధ్రువీకరించారు. ఈ కార్యక్రమంలోనూ బలవంతపు టీకాలు లేకపోలేదు. కానీ చెప్పినవాడు నష్టపోకూడదన్న ఇంగితం దీనిలో ఉంది. 1897లో లేనిది అదే.

షోలాపూరు, బళ్లారి, హోసూరు, బరంపురం, యానాం, మనం ఎక్కడున్నా మన పేటకు రిజిస్టరు పట్టుకుని ఆరోగ్య కార్యకర్త వస్తూనే ఉంటుంది. క్షయ అని తెలిస్తే పిల్లకు సంబంధం రాదనీ, ఇల్లుగలవాడు ఖాళీ చేయమంటాడనీ భయపడి గుట్టుగా మందు మింగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ భయం పెట్టేది సర్కారు కాదు, ఇరుగుపొరుగున ఉన్న మనమే. పక్కింటి జబ్బు తెలిసిన రోజున ఆ ఇంటికి వెళ్లి, ఆ కార్యకర్త మాట తెలుగులో విడమరిచి చెప్పి, నాలుగు రోజులు కూలి పోతే ఇంత బియ్యం అందించగల పేటలో రోగం దాగదు. ఆ పని మన సంఘాలు చేయగలిగినదే.