మిలిటరీ లారీ పూర్వచరిత్ర

రాజుల చరిత్రకు శాసనములు ఆధారములు. గ్రామచరిత్రకు కైఫీయతులు ఆధారములు. మరి ఒక లారీ చరిత్రకు ఆధారమేది?

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిదప, సైన్యమునకు అక్కరలేని లారీలను ప్రభుత్వము వేలకొలదిగా అమ్మివేసెను. కొన్ని సరకులు మోసినవి; కొన్ని బాడీ కట్టించుకొని బస్సులైనవి. యుద్ధకాలమున పెట్రోలు కొరతచేత బొగ్గుగ్యాసు బస్సులలో ప్రయాణము చేసిన ప్రజలకు ఇవి వరముగా తోచినవి. కుప్పమునకు 1864 నుండి రైలుమార్గము కలదు. మదనపల్లె రోడ్డు స్టేషను పట్టణమునకు దూరము. పుంగనూరునకు రైలే లేదు. ఇట్టి సీమలో లారీ విలువ వేరుగ చెప్పవలెనా?

ఈ మూడు తావుల పాత షెడ్లలో అట్టి బండి కంటబడినచో, దాని పూర్వచరిత్రను ఇట్లు తెలిసికొనవచ్చును.

మొదటి ఆధారము చాసిస్ సంఖ్య, తయారీ రేకు. నాటి మిలిటరీ లారీలలో పెక్కు కెనడా దేశమునవి. విండ్సరులో ఫోర్డు, ఓషావాలో షెవర్లే కంపెనీలు ఒకే నమూనాపై వానిని చేసినవి. పొట్టి ముక్కు, తరువాతి వానిలో పైభాగము ముందునకు వాలిన అద్దము వాని గురుతులు. ఫోర్డుకు ఎనిమిది సిలిండర్లు, షెవర్లేకు ఆరు. అయితే ఇంజనును మాత్రమే నమ్మరాదు. మద్రాసు సింప్సన్ వారి పర్కిన్స్ వంటి డీజిల్ ఇంజన్లను తరువాత పలువురు అమర్చుకొనిరి.

రెండవ ఆధారము రంగు. పైపూతల క్రింద సైన్యపు పచ్చరంగు, దానిపై దళచిహ్నము మిగిలియుండవచ్చును. నల్లని పలకపై ఎఱ్ఱని గుండ్రము 5వ భారత డివిజను గురుతు. ఆ డివిజను 1944లో ఇంఫాలు వద్ద పోరాడెను. స్వాతంత్ర్యానంతరపు సైనిక వాహనమైనచో, సంఖ్యకు ముందు పైకి చూపు బాణము, దాని ప్రక్కన సంవత్సరపు రెండంకెలు ఉండును. 1959 నుండి జబల్పూరులో తయారైన శక్తిమాన్ లారీలు ఈ కోవలోనివి.

మూడవది రిజిస్ట్రేషను పత్రము. అది బండి ప్రజల చేతికి వచ్చిన నాటినుండియే మాటలాడును. అంతకు పూర్వపు సేవను చెప్పదు. కనుకనే పై రెండు ఆధారములు ముఖ్యములు. మిలిటరీ లారీ యగుటచేతనే అది బర్మాలో యుద్ధము చూచినదనుట తగదు. డిపోలు దాటని బండ్లును కలవు. సాక్ష్యము చెప్పినంతవరకే చరిత్ర.

తుక్కు వర్తకుడు బండిని బరువునుబట్టి కొనును. రంగు గీకి, రేకు ఊడదీసిన దినముననే దాని సేవాచరిత్ర నశించును. ఆ పని జరుగకముందే చాసిస్ సంఖ్యను, చిహ్నముల ఛాయాచిత్రములను, దానిని నడిపిన డ్రైవర్ల మాటలను ఒక పుస్తకమున చేర్చి గ్రంథాలయమునకు ఒప్పగింపుడు. వచ్చిన ప్రతి పుస్తకమునకును సంఖ్య వేసి భద్రపరచు ఈ సంస్థకు, ఊరి బరువు మోసిన బండికి ఒక పుట కేటాయించుట భారము కాదు.