ఉత్తరాలతో ఏలిన రాజ్యాలు

ఊహల్లో ఒక రాజ్యానికి రాజై, పన్నులు వేసి, సైన్యాన్ని కదిపి, పక్క రాజుకు రహస్యంగా లేఖ రాసి, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూసే ఆట ఒకటుంది. ఆడేవాళ్లంతా ఒకే గదిలో ఉండనక్కర్లేదు, ఒకే దేశంలో కూడా ఉండనక్కర్లేదు. ఎవరి నిర్ణయాలు వాళ్లు రాసి రిఫరీకి పంపుతారు. ఆయన అందరివీ కలిపి చూసి, ఏం జరిగిందో తిరిగి రాస్తాడు. నలుగురూ ఒకచోట చేరడం కుదరక చేసుకున్న సర్దుబాటే ఇదని చాలామంది అనుకుంటారు. దీని పుట్టుక తెలిస్తే ఆ మాట అనరు. రాజ్యమేలే ఆటకు ఉత్తరమే పుట్టిల్లు.

హార్వర్డ్‌లో చదువుకున్న అలన్ క్యాల్‌హమర్ 1954లో ‘డిప్లొమసీ’ అనే ఆటను రూపొందించాడు. దాన్ని అచ్చువేయడానికి ఏ కంపెనీ ముందుకు రాకపోవడంతో 1959లో తన డబ్బుతోనే 500 ప్రతులు వేయించుకున్నాడు. 1901 నాటి యూరప్ పటం, ఏడు రాజ్యాలు, ఏడుగురు ఆటగాళ్లు. పాచికలు లేవు. ముందు రహస్య మంతనాలు జరుగుతాయి. తర్వాత ప్రతి ఒక్కరూ తమ సైన్యాలకు ఆజ్ఞలు కాగితం మీద రాస్తారు, అన్ని కాగితాలూ ఒకేసారి విప్పుతారు. ఇచ్చిన మాట తప్పితే అడిగే నాథుడుండడు. ఆ క్యాల్‌హమర్ తర్వాతి కాలంలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పోస్ట్‌మ్యాన్‌గా పనిచేశాడు. ఈ ఆట చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే.

ఆజ్ఞలు ఎలాగూ కాగితం మీదే రాస్తున్నప్పుడు ఆ కాగితాన్ని కవరులో పెట్టి పంపితే తప్పేముంది? 1963లో బ్రూక్లిన్‌లో ఉండే జాన్ బోర్డ్‌మన్ ‘గ్రౌస్టార్క్’ అనే చిన్న పత్రిక పెట్టి డిప్లొమసీని పోస్టులో నడపడం మొదలుపెట్టాడు. ఇలాంటి పత్రికలు మరికొన్ని వచ్చాయి. వాటిలో యుద్ధ ఫలితాలతో పాటు ఆటగాళ్లు తమ రాజధానుల నుంచి పంపినట్టుగా రాసిన కల్పిత వార్తలు, ప్రకటనలు కూడా అచ్చయ్యేవి. ఆట గెలవడానికి వాటితో పనిలేదు. అయినా రాసేవారు. పావులు కదిపే మనిషి రాజు గొంతుతో మాట్లాడటం అలా అలవాటైంది.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో టోనీ బాత్ మరో దారిలో వెళ్తున్నాడు. కోనన్ కథలు రాసిన రాబర్ట్ ఇ. హోవర్డ్ ఊహించిన ప్రాచీన ప్రపంచాన్ని తీసుకుని ‘హైబోరియా’ అనే యుద్ధక్రీడను ఏళ్ల తరబడి నడిపాడు. ఒక్కో దేశానికి ఒక్కో ఆటగాడు రాజు. సైన్యాల లెక్క, ఖజానా లెక్కతో బాత్ తృప్తిపడలేదు. రాజులు, మంత్రులు, సేనానుల స్వభావాలు తేల్చడానికి పేకముక్కలు వాడాడు. వచ్చిన ముక్కలను బట్టి ఒక సేనాని నమ్మకస్తుడవుతాడు, ఇంకొకడు పదవి కోసం కాచుకుని కూర్చుంటాడు. అలాంటి వాణ్ని సరిహద్దు కోటకు పంపాలా, కళ్లముందే ఉంచుకోవాలా అని రాజు తల పట్టుకోవాల్సిందే. తన పద్ధతులన్నిటినీ బాత్ 1973లో పుస్తకంగా తెచ్చాడు.

పోస్టులో ఆడే ఈ పద్ధతిని వ్యాపారంగా నిలబెట్టింది రిక్ లూమిస్. హవాయిలో అమెరికా సైన్యంలో ఉండగా 1970లో పోస్టు ద్వారా ఒక ఆట మొదలుపెట్టి, చేరేవాళ్లు ఎక్కువయ్యేసరికి లెక్కలు కంప్యూటర్‌కు అప్పగించాడు. ‘ఫ్లయింగ్ బఫెలో’ కంపెనీ అలా వచ్చింది.

అసలు మలుపు మిన్నెసోటాలో జరిగింది. 1969లో డేవిడ్ వెస్లీ నెపోలియన్ కాలం నాటి ‘బ్రౌన్‌స్టైన్’ అనే కల్పిత జర్మన్ పట్టణం చుట్టూ ఒక యుద్ధక్రీడ సిద్ధం చేశాడు. ఆటగాళ్లు ఎక్కువ కావడంతో ఒకరిని మేయర్‌ని, ఒకరిని బ్యాంకర్‌ని, ఇంకొకరిని విశ్వవిద్యాలయ పెద్దని చేశాడు. వాళ్లు సైన్యాల రాకకు ఆగలేదు, పక్క గదుల్లోకి పోయి గుసగుసలు మొదలుపెట్టారు. అంతా గందరగోళమైపోయిందని వెస్లీ అనుకుంటే, స్నేహితులు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

వాళ్లలో ఒకడు డేవ్ ఆర్నెసన్. 1971లో ‘బ్లాక్‌మూర్’ అనే సీమను ఊహించి, దాని రక్షణ భారం స్నేహితుల మీద పెట్టాడు. కోట కింద నేలమాళిగలు, వాటిలో రాక్షసులు, నిధులు కూడా పెట్టాడు. కుర్రాళ్లు నిధుల వేటలో పడి పైన రాజ్యాన్ని మరిచారు. శత్రువులు వచ్చి కోట పట్టుకున్నారు. ఆర్నెసన్ జాలిపడి కోట తిరిగి ఇవ్వలేదు, వాళ్లందరినీ దూరంగా లాక్ గ్లూమెన్ అనే చోటికి వెళ్లగొట్టాడు. ఏలేవాడు నిర్లక్ష్యం చేస్తే రాజ్యం నిజంగానే చేజారాలి. రిఫరీ అక్కడ మెత్తబడి ఉంటే ఈ తరహా ఆటకు ప్రాణం వచ్చేది కాదని నేను నమ్ముతాను.

ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ నేలమాళిగల ఆటగానే పేరు తెచ్చుకుంది. కానీ ఆ ఆట పెట్టెలోని మూడో పుస్తకంలో ఏలుబడి కూడా ఉంది. పేరు సంపాదించిన వీరుడు కోట కట్టుకోవచ్చు, చుట్టూ ఉన్న పల్లెల్లో తలకు ఏడాదికి 10 బంగారు నాణేల పన్ను వసూలు చేయవచ్చు, రోడ్లు, సత్రాలు, ఓడల మీద పెట్టుబడి పెట్టవచ్చు. హద్దుమీరిన వాడి మీదికి రిఫరీ ఊరి జనాన్ని ఉసిగొల్పే నియమం కూడా అందులో ఉంది. ఆటగాడు అక్కడిదాకా చేరడానికే చాలా కాలం పట్టేది. 1995లో రిచ్ బేకర్, కొలిన్ మెకోంబ్ రూపొందించిన ‘బర్త్‌రైట్’ ఆ నిరీక్షణ తీసేసింది. మొదటి రోజే సింహాసనం. ఒక్కో టర్న్ మూడు నెలల రుతువు. చట్టం, ఆలయం, వర్తక సంఘం, భూమిలోని మంత్రశక్తి, ఈ నాలుగింటి మీద పట్టు ఎవరిదన్నదే పోటీ. ఒకే సీమలో చట్టం ఒకరిది, అంగడి ఇంకొకరిది కావచ్చు. ఇన్ని లెక్కలు, ఇన్ని రహస్యాలు ఒక సాయంత్రపు ఆటలో ఇమడవు. అందుకే అభిమానులు ఈమెయిల్‌లో ఆడుకున్నారు.

ఇప్పుడు ఇలాంటి ఆట తలపెట్టేవాళ్లు పటాలు గీయడంలో, రాజవంశాల చరిత్ర రాయడంలో మునిగిపోతారు. ముందు తేల్చాల్సింది గడువు. ఆజ్ఞలు ఏ రోజుకు రావాలి, రాకపోతే ఏమవుతుంది? డిప్లొమసీలో ఆజ్ఞ అందని సైన్యం ఉన్నచోటే నిలబడిపోతుంది. ఒకరు రాయలేదని మిగతావాళ్ల ఆట ఆగదు. ఆ కచ్చితత్వం లేని ఆట నీరుగారిపోతుంది.

తర్వాతది రిఫరీ రాసే వార్త. దీనికి ఎంత సమయం పెట్టినా తక్కువే. ఉదాహరణకు, ఉత్తరాన ఉన్న రాజు వసంతంలో దాడికి రహస్యంగా గుర్రాలు సమకూర్చుకున్నాడనుకోండి. అతనికి వెళ్లే లేఖలో ఎన్ని గుర్రాలు, ఎంత ఖర్చు అన్నీ ఉంటాయి. వర్తక సంఘం నడిపే ఆటగాడికి దాణా ధర పెరిగిందని, కొంటున్నది ఎవరో తెలియదని రాయాలి. దక్షిణాన ఉన్న రాజుకు, సంతకు వచ్చిన రైతులు ఈసారి ఎద్దులకు మేత దొరకడం లేదని పన్ను తగ్గించమంటున్నారని రాస్తే చాలు. ఆ వర్తకుడు ఎవరికి ముందు ఉత్తరం రాస్తాడో చూసి రిఫరీ రెండో టర్న్ సిద్ధం చేసుకోవచ్చు.