పెరటి తోటలో వేసవి

వైశాఖమాసమున వడగాడ్పు వీచువేళ ఊరంతయు తలుపులు మూసికొని యుండును. అప్పుడును నూతిగట్టు చెంతనున్న అరటిపిలకలు పచ్చగానే యుండును. దాపున కరివేపచెట్టు, గోడవార మల్లెపొద, పందిరిమీద బీరతీగ, వెనుక మునగచెట్టు. ప్రొద్దు వాలిన పిదప పాదులకు నాలుగు చేదల నీరు పోసినచో నేల కమ్మని వాసన వేయును, మొగ్గలు విచ్చును, మంచములు పెరటిలోనికి వచ్చును, పిల్లలు చుక్కలు లెక్కించుచు నిద్రపోవుదురు. నిత్యము చూచునది గావున దీనికొక చరిత్ర కలదని మనకు తోపదు. ఆ చరిత్రను కొంత మీకు మనవి చేయుటకే ఈ ప్రసంగము.

మన దేశమున పెరటితోట చాల ప్రాచీనమైనది. సుమారు 1,700 సంవత్సరములకు పూర్వపువాడని పండితులు తలంచు వాత్స్యాయనుడు గృహిణి చేయదగిన పనులను చెప్పుచు, ఇంటితోటలో కూరగాయల మడులును, పూలమొక్కలును వేయింపవలెననియు, తోట నడుమ నూయియో దిగుడుబావియో త్రవ్వింపవలెననియు వ్రాసెను. మొక్కతోపాటు నీటిని గూడ చెప్పుట గమనింపదగినది. తరువాతి కాలమున రాజులును, శ్రీమంతులును దేవాలయములకు పూదోటలు దానము చేసి ఆ సంగతిని శాసనములలో చెక్కించిరి. కాని ఒక ఇల్లాలు పెట్టిన ఆనపపాదును గూర్చి ఎవరును శిలమీద వ్రాయింపలేదు. అందుచేత పెరటి చరిత్రను మొక్కల పేరులలోనే వెదకవలసియున్నది.

ఆవకాయ మాటనే తీసికొందము. ఎర్రని కారము లేనిదే ఆవకాయ కాదని మనమందుము. అయినను ఆ పేరులో మిరప లేదు. ఆవ మాత్రమే యున్నది. మిరపచెట్టు అమెరికా ఖండమునకు చెందినది. కొలంబసు అచటి దీవులను చేరినది 1492లో. వాస్కో డ గామా కళ్ళికోట రేవునకు వచ్చినది 1498లో. అటుపిమ్మట పోర్చుగీసువారి ఓడలలో మిరప మన దేశమునకు వచ్చెను. అంతకు పూర్వము మన వంటలకు ఘాటునిచ్చినవి మిరియము, పిప్పలి, అల్లము, ఆవ. క్రొత్తకాయయు కారముగా నుండుటచే మిరియమును బోలిన పేరే దానికి లభించినది. జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు. దానిని తెచ్చినవారును పోర్చుగీసువారే. మనవారు దానిని చూచి, తాము ముందే యెరిగిన నల్లజీడిని, మామిడిని కలిపి పేరు పెట్టిరి. ఈ మూడు చెట్లును ఒకే కుటుంబమునకు చెందినవని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చదువుకొనని రైతుల చూపు ఎంత నిశితమైనదో చూడుడు! సీమచింత తాను పరసీమనుండి వచ్చినట్లు పేరుతోనే చెప్పుకొనుచున్నది. బొప్పాయియు, జామయు ఆ దూరఖండమువే. మామిడి, మునగ, కరివేప మనవి. నాలుగైదువందల యేండ్లలో అతిథులును ఇంటివారును ఒకే పాదునీటితో పెరిగి, నేడు ఎవరు ఎవరో పోల్చరానంతగా కలిసిపోయిరి.

మొక్క ఎచటినుండి వచ్చినను వేసవిలో దానిని బ్రతికించినది నీరే. కోస్తాలో ఏతములు, రాయలసీమలో కపిలలు, తెలంగాణమున మోటలు తోటలను తడిపినవి. నీరు కరవైన నాడు ఏమగునో 1832-33 సంవత్సరముల గుంటూరు కరవు చూపినది. నందన నామ సంవత్సరమున వచ్చుటచే దానిని నందన కరవనిరి. లక్షకు మించి జనులు నశించిరి. ఆ పిదప ఆర్థర్ కాటన్ పూనికచే ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసెను. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. డెల్టాలోని ఊళ్లు పచ్చబడినవి. అయినను ఎండకాలమున మరమ్మతులకై కాలువలు కట్టుదురు. అంతకు ముందే ఊరి చెరువులు నింపుకొందురు. కావున డెల్టాలోను వేసవి పెరడు నిలుచునది పొదుపువలననే. స్నానము చేసిన నీరు అరటికి, బియ్యము కడిగిన నీరు కూరపాదులకు, మిగిలిన పుల్లమజ్జిగ కరివేపకు పోవలెను. ఈ నియమమును తరతరములుగా నడపినవారు మన తల్లులు, అవ్వలు. మండుటెండలో పచ్చనాకును చూచి మనము పొందు సంతోషము వారి కష్టఫలము.

ఆ సంతోషము అందరికిని సమానముగా దక్కలేదని గూడ చెప్పవలసియున్నది. ఊరి నూయి ముట్టరాదను కట్టడి యున్నచోట, కడవెడు త్రాగునీటికై ఒరులు చేదిపోయువరకు ఎండలో నిలిచినవారికి మల్లెపాదు మాట యెక్కడిది? 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, ప్రజలకై యున్న నూతులను, చెరువులను వాడుకొనుటలో కులమునుబట్టి ఎవరిని అడ్డగింపరాదని 15వ అధికరణమున శాసించినది. పెరటితోటల చరిత్రలో ఆనకట్టల తేదీలతోపాటు ఈ తేదీయు చేర్పదగినది.

నేడు మరియొక చిక్కు వచ్చినది. గొట్టపుబావులు లోతునకు పోయినకొలది పెక్కు గ్రామములలో పాతనూతులు ఎండినవి. కొన్ని చెత్తతో పూడినవి. పెరళ్లపై సిమెంటు పరచినందున వాననీరు ఇంకు తావును కొరవడినది. నీటిని, నేలను, చెట్లను కాపాడుటకై 2002లో వాల్టా యను చట్టము వచ్చెను. చట్టము బోరుబావులను నమోదు చేయింపగలదు. పాదునకు నీరు పోయుట మాత్రము ఇంటివారి పనియే.

పెద్దలారా! తొలకరికి ముందే మీ నూతి పూడిక తీయింపుడు. చూరునీరు పెరటిలోనే ఇంకునట్లు ఒక గుంట త్రవ్వింపుడు. స్నానపునీరు అరటిపాదునకు పోవునట్లు చిన్న బోదె తీయుడు. వేసవి సెలవులకు మనుమలు వచ్చినప్పుడు ప్రతి చెట్టు పేరును, అది వచ్చిన త్రోవను చెప్పి, సాయంకాలము వారిచేతనే రెండు చేదలు పోయింపుడు. మల్లెలు కోసిననాడు పెరడు లేని ఇంటికి ఒక దోసెడు పంపుడు.