కలపడం వేరు, విప్పనివ్వకపోవడం వేరు

మన ఊళ్ళలో ఒకప్పుడు వంటగ్యాస్ కనెక్షన్ దొరకడమే గగనం. ఆ రోజుల్లో కొందరు డీలర్లు "స్టవ్ కూడా మా దగ్గరే కొనాలి" అని మెలిక పెట్టేవారు. స్టవ్ నచ్చకపోయినా గ్యాస్ మరోచోట దొరకదు కనుక నోరు మూసుకుని కొనేవాళ్ళం. సరిగ్గా ఇలాంటి ముడి గురించే అమెరికా కోర్టుల్లో ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది. మనలో చాలామంది వై2కె పనుల మీద ఈ దేశంలో అడుగుపెట్టిన కాలమది. తేడా ఒక్కటే: ఇక్కడ స్టవ్ ఉచితం. మరి ఉచితంగా ఇస్తే నష్టపోయేదెవరు?

1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటర్ విడుదలైంది. బ్రౌజరు, జావా బలపడితే ప్రోగ్రాములు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా నడుస్తాయి; అప్పుడు విండోస్ మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. ఈ ప్రమాదాన్ని మైక్రోసాఫ్ట్ ముందే పసిగట్టింది. ఇంటెల్ తరహా పీసీల్లో విండోస్ వాటా 90 శాతం పైమాటే. దానికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను జతచేసి ఉచితంగా ఇచ్చింది. నష్టపోయింది నెట్‌స్కేప్ ఒక్కటే కాదు, రేపు మరో దారి దొరకవలసిన కొనుగోలుదారు కూడా.

1998 మే 18న కేంద్ర న్యాయశాఖ, 20 రాష్ట్రాలు దావా వేశాయి. ఆధారం 1890 నాటి షెర్మన్ చట్టం. 2000 జూన్‌లో జడ్జి జాక్సన్ కంపెనీని రెండు ముక్కలు చేయమన్నారు. 2001 జూన్ 28న అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కానీ గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకున్నదన్న తీర్పును చాలావరకు నిలబెట్టింది.

ఆ తీర్పులోని సూక్ష్మం గమనించదగ్గది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త సౌకర్యం చేర్చడమే నేరమని కోర్టు అనలేదు. పాత కఠిన సూత్రం సాఫ్ట్‌వేర్‌కు తగదనీ, లాభనష్టాలు తూచి చూడాలనీ చెప్పి ఆ అంశాన్ని కింది కోర్టుకు పంపింది. తప్పుపట్టింది వేరే పనులను: ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ తీసేయకుండా పీసీ తయారీదార్ల చేతులు కట్టడం, బ్రౌజరు కోడ్‌ను విండోస్ కోడ్‌లో కలగలపడం, ప్రోగ్రాములు తొలగించే జాబితాలో దాన్ని చేర్చకపోవడం. అంటే కలపడం వేరు, విప్పనివ్వకపోవడం వేరు. జతచేయడం తప్పా కాదా అన్న అసలు ప్రశ్నను ప్రభుత్వమే 2001 సెప్టెంబరులో వదులుకుంది. 2002 నవంబరులో ఖాయమైన రాజీ ఒప్పందం 2011 మే దాకా అమలైంది. ఈలోగా నెట్‌స్కేప్ స్వతంత్ర సంస్థగా మిగల్లేదు, ఏఓఎల్ కొనేసింది.

ఐరోపా మరో దారి పట్టింది. 2004లో 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మమంది. రెండింటి ధరా ఒకటే అయ్యేసరికి లేనిదాన్ని కొనేవారు కరువయ్యారు. దాంతో 2009లో బ్రౌజరును వాడుకరే ఎంచుకునే తెర పెట్టించారు. ఆ మాట తప్పినందుకు 2013లో మరో 56.1 కోట్ల యూరోలు వడ్డించారు.

విచిత్రమేమిటంటే, ఆ దావా పడిన 1998లోనే పుట్టిన గూగుల్ ఇరవై ఏళ్ళకు అదే బోనెక్కింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లను ముందే పెట్టించే షరతుల వంటివాటిపై 2018లో ఐరోపా, 2022 అక్టోబరులో మన భారత కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు విధించాయి. మనవాళ్ళు వేసింది 1,337.76 కోట్ల రూపాయలు. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను పక్కనపెట్టినా జరిమానాను సమర్థించింది.

2014లో హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టినప్పుడు మనమంతా గర్వించాం. అలాంటి పెద్ద కంపెనీల జీతాలతోనే మనలో ఎందరివో ఇళ్ళు గడుస్తున్నాయి. అయితే ఈ సభల్లో యువజన వేదిక మీద తమ స్టార్టప్ గురించి ఉత్సాహంగా చెప్పే పిల్లలూ మనవాళ్ళే. వాళ్ళ సరుకు బాగోలేక ఓడిపోతే అది వ్యాపారం. కొనేవాడి దాకా చేరనివ్వక ఓడిస్తే అది అన్యాయం. రేపు మన చేతుల మీదుగా తయారయ్యే డిజైన్‌లో ఒక భాగాన్ని విడదీయడానికి వీల్లేదని రాసే ముందు, అది ఇంజనీరింగ్ అవసరమా, వ్యాపారపు మెలికా అని ఒక్క క్షణం అడుగుదాం. ఆ ప్రశ్నకు జవాబు కోర్టుకంటే ముందు మనకే తెలుస్తుంది.